ఆకు రాలు కాలము



గడచిన సంవత్సరము అర్ధవార్షిక పరీక్షలో ఎనిమిదవ తరగతివారికి నేనొక చిన్న ప్రశ్న ఇచ్చియుంటిని. "చెట్ల ఆకులు ఏ ఋతువులో రాలును?" అనునదియే ఆ ప్రశ్న. తరగతిలో ఎక్కువమంది "శరదృతువులో రాలును" అని వ్రాసిరి. ఒక బాలుడు మాత్రము ఇట్లు వ్రాసెను: "మా ఊరిలో శరదృతువులో ఆకులు రాలవు. అప్పుడు చేలు, చెట్లు పచ్చగా ఉండును. శివరాత్రి దగ్గఱపడినప్పుడు వేపాకు రాలును. అప్పుడు మా అవ్వ దినమునకు రెండు సారులు వాకిలి ఊడ్చును."

నేను ఆ సమాధానమును ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, ప్రక్కన సున్న వేసితిని. ఆంగ్లమున 'ఆటమ్' అను ఋతువును తెలుగున శరదృతువని చెప్పుట వాడుక. ఆటమ్ నందు ఆకులు పండి రాలునని ఆంగ్ల వాచకములలో చదివియుంటిమి. కావున శరదృతువునందు ఆకులు రాలవలెను. ఇది నా లెక్క. పరీక్ష జరిగినది ఆశ్వయుజమాసములోనే. తల యెత్తి కిటికీలోనుండి బయటకు చూచియుండినచో, ఆవరణలోని వేపచెట్టు నిండు పచ్చగా నిలిచియుండుట నాకు కనబడియుండెడిది. నేను చూడలేదు.

ఆ బాలుడు వాదింపలేదు. కాగితమును మడిచి సంచిలో పెట్టుకొనెను. తాను కన్నులార చూచినది తప్పనియు, పుస్తకములో ఉన్నదే ఒప్పనియు అతడు ఆనాడు నేర్చుకొనియుండును. అట్టి పాఠము నేర్పినవాడను నేనే.

అనంతపురములో నేను ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో, మాట చెప్పుటకు ముందు వస్తువును చూపవలెనని మాకు బోధించిరి. ఆ సంగతి నాకు మరల జ్ఞప్తికి వచ్చినది మాఘమాసములో ఒక ఆదివారమునాడు, విద్యార్థులతో కలిసి ఉత్తర పినాకినీ తీరమున నడచినప్పుడు. ఆ నడకలో మేము చూచినదానిని, దానికిగల కారణములను ఈ వ్యాసమున వివరించెదను.

మన ఋతువులు, వారి ఋతువులు

మనకు ఋతువులు ఆఱు. చైత్ర వైశాఖములు వసంతము. జ్యేష్ఠ ఆషాఢములు గ్రీష్మము. శ్రావణ భాద్రపదములు వర్షర్తువు. ఆశ్వయుజ కార్తికములు శరత్తు. మార్గశిర పుష్యములు హేమంతము. మాఘ ఫాల్గుణములు శిశిరము. చలిదేశములవారు సంవత్సరమును నాలుగు భాగములుగా లెక్కించుదురు. వారి ఆటమ్ సెప్టెంబరు 22 లేక 23వ తేదీన మొదలై డిసెంబరు 21 లేక 22వ తేదీ వఱకు ఉండును. మన ఆశ్వయుజ కార్తికములు చాలవఱకు ఈ దినములలోనే వచ్చును. అందుచేతనే ఆటమ్ అనగా శరత్తు అని అనువదించుట అలవాటయ్యెను. మాసములు సరిపోయినవి. కాని ఆ మాసములలో చెట్లు చేయు పని సరిపోలేదు.

ఆ దేశములలో ఏమి జరుగునో ఒక ఉదాహరణము చూడుడు. అమెరికాలో న్యూయార్కు మహానగరమునకు ఉత్తరముగా 70, 80 కిలోమీటర్ల దూరమున, హడ్సను నది ఒడ్డున, బేర్ మౌంటెన్ అను కొండ గలదు. అప్పలాచియన్ ట్రెయిల్ అను సుప్రసిద్ధమైన కాలిబాటలో మొదటి భాగము 1923లో ఈ కొండ దగ్గఱనే తెఱవబడినది. అక్టోబరు మాసము వచ్చుసరికి అచ్చటి మేపుల్ చెట్లు, ఓక్ చెట్లు పసుపు, నారింజ, ఎఱుపు వన్నెలు తాల్చును. నగరవాసులు సెలవుదినములలో నదీతీరమున, కొండదారులలో నడచుచు ఆ వన్నెలను చూచి ఆనందింతురు. మన తెలుగువారును అనేకులు ఆ ప్రాంతములలో స్థిరపడియున్నారు. వారు బంధువులకు పంపిన ఛాయాచిత్రములలో మీలో కొందఱు ఆ ఎఱ్ఱని అడవులను చూచియుందురు.

అదే అక్టోబరు మాసమున మన బెంగుళూరు నగరమునుండి సుమారు 60 కిలోమీటర్ల దూరమునగల నందికొండలకు పోయినవారికి ఏమి కనబడును? తెల్లవారుజామున పొగమంచు, మంచు విడిన పిదప వానలకు కడుగబడిన పచ్చని చెట్లు. ఎఱ్ఱని అడవి కనబడదు. మన పావగడ తాలూకాలోను అంతే. శరత్తు మనకు వేరుశనగ కాయలు పెఱుకు కాలము, రాగి వెన్ను గింజ పట్టు కాలము. వానలు కురిసి చెట్లు తృప్తిగా నీరు త్రాగిన ఆ కాలమున అవి ఆకును ఏల వదలుకొనును?

మనకు ఆకు రాలు కాలము శిశిరము. పుష్యమాసము చివరనుండి ఫాల్గుణము వఱకు, అనగా సుమారు జనవరి చివరనుండి మార్చి వఱకు, మన చెట్లు పండుబాఱి ఆకులు రాల్చును. కనుక ఆకుల వన్నెలు చూడగోరి ఏటి ఒడ్డున నడువవలసినది మనము ఆ దినములలోనే.

పినాకినీ తీరమున

ఉత్తర పినాకినిని తెలుగువారు పెన్న యనియు, పెన్నేఱనియు పిలుతురు. ఈ నది చిక్కబళ్ళాపురము జిల్లాలో నందికొండల ప్రాంతమున పుట్టి, గౌరిబిదనూరు మీదుగా ఉత్తరమునకు ప్రవహించి, హిందూపురము ప్రాంతమున ఆంధ్రప్రదేశములో ప్రవేశించును. అచ్చటినుండి మరల కర్ణాటకమునకు వచ్చి, మన పావగడ తాలూకాను తడిపి, తిరిగి ఆంధ్రప్రదేశములోనికి పోయి పేరూరు జలాశయమును చేరును. పిమ్మట అనంతపురము, కడప, నెల్లూరు జిల్లాల మీదుగా సాగి బంగాళాఖాతములో కలియును. మొత్తము పొడవు 597 కిలోమీటర్లు. రెండు రాష్ట్రముల నడుమ ఇట్లు పోవుచు వచ్చుచు నుండు నదిని చూచినప్పుడెల్ల నాకు మన విద్యార్థులు జ్ఞప్తికి వత్తురు. ఇంట తెలుగు, అంగడిలో కన్నడము. ఈ ప్రక్క మేనత్త, ఆ ప్రక్క మేనమామ.

మా నడక నాగలమడికెలో మొదలయ్యెను. అది పినాకినీ తీరముననున్న సుబ్రహ్మణ్య క్షేత్రము. కుక్కె ఆది సుబ్రహ్మణ్యమనియు, ఘాటి మధ్య సుబ్రహ్మణ్యమనియు, నాగలమడికె అంత్య సుబ్రహ్మణ్యమనియు భక్తులు చెప్పుకొందురు. ఉదయము 7 గంటలకు బయలుదేరి, ఎండ ముదురకముందే తిరిగి వచ్చునట్లు, ఏటి గట్టు వెంబడి నడచితిమి. ఏటిలో పాఱు నీరు లేదు. తెల్లని ఇసుక. నడుమ నడుమ పశువుల కాపరులు త్రవ్విన చెలమలు. చెలమలో అడుగున తేటనీరు. ఏఱు ఎండినదని మనమందుము గాని, ఇసుకక్రింద నీరు కొంతకాలము నిలిచియుండును. అందుచేతనే మెట్టపొలముల చెట్లకంటె ఏటి ఒడ్డు చెట్లు కొంచెము ఆలస్యముగా ఆకు రాల్చును.

మొట్టమొదట కనబడినది కానుగ. దాని ఆకులు లేత పసుపై, అందందు గోధుమరంగు మచ్చలు పడి, గాలి వీచినప్పుడెల్ల తిరుగుచు క్రింద పడుచుండెను. చెట్టుక్రింద అడుగు వేసిన చోటెల్ల గలగల. తరువాత వేపచెట్లు. వేపాకు ఈనెతో గూడ పండి, ఈనె ఈనెగాను విడి ఆకులుగాను రాలును. ఒక బాలిక తల విదల్చుకొనగా ఆమె జడనుండి పదునైదు వేపాకులు పడినవి, లెక్కించితిమి. ఆలయము దగ్గఱి రావిచెట్టు సగము బోడియైనది. దాని పండుటాకులు నిమ్మపండు రంగులో నుండి, ఎండకు ఎదురుగా పట్టినప్పుడు ఈనెల వల స్పష్టముగా కనబడినది.

కాని అన్ని చెట్లును ఒకే పని చేయుటలేదు. చింత పచ్చగానే యున్నది. అది పాత ఆకును కొంచెము కొంచెముగా వదలుచు, ఎండలు ముదిరినప్పుడు చిగిర్చి మన ఇండ్లకు చింతచిగురు నిచ్చును. ఏటి గర్భమున గుబురుగా పెరిగిన సర్కారుతుమ్మకు శిశిరమే లేదు. దాని వేళ్ళు మిక్కిలి లోతుకు పోయి నీటిని అందుకొనును. ఒక తోటలో మామిడి పూతతో నిండియుండెను. పూత పట్టని కొమ్మల చివర రాగివన్నె చిగుళ్ళు తళతళలాడుచుండెను. అనగా ఒకే తీరమున, ఒకే ఉదయమున, ఒక చెట్టు ముసలి ఆకును వదలుచున్నది, ఒకటి చంటి ఆకును తొడుగుచున్నది, ఒకటి ఏమియు ఎఱుగనట్లు పచ్చగా నిలిచియున్నది.

విద్యార్థులు రాలిన ఆకులను ఏఱి తెచ్చి ఇసుకమీద వరుసగా పేర్చిరి. మొదట ముదురు పచ్చ, పిదప లేత పచ్చ, ఆకుపసుపు, పసుపు, నారింజ, గోధుమ, చివర నల్లబడిన ఆకు. ఆ వరుస సుమారు మూడు బారల పొడవున్నది. సున్న తెచ్చుకొన్న బాలుడు ఒక పండు వేపరెమ్మను నా చేతికిచ్చి, "అయ్యవారూ, మా అవ్వ ఊడ్చునది ఇదే" అనెను. అతని మాటలో ఎత్తిపొడుపు లేదు. అది సమాచారము మాత్రమే. నాకు మాత్రము పరీక్షనాటి ఎఱ్ఱసిరా కన్నులముందు నిలిచెను.

ఆకు ఏల రాలును?

గాలి వీచుటచేత ఆకు రాలునని చాలమంది తలంతురు. అది సరికాదు. శ్రావణమాసపు గాలి శిశిరపు గాలికంటె బలమైనది. అయినను శ్రావణమున పచ్చని ఆకు రాలదు. ఆకును రాల్చునది చెట్టే.

ఆకు చెట్టునకు వంటయిల్లు. సూర్యకాంతిని పట్టి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేళ్ళు పంపిన నీటిని కలిపి, చెట్టునకు కావలసిన ఆహారమును అది తయారుచేయును. గాలి లోపలికి వచ్చుటకు ఆకునందు కంటికి కనబడనంత చిన్న పత్రరంధ్రములు ఉండును. ఆ రంధ్రములు తెఱచినప్పుడు గాలి లోపలికి వచ్చుటయే గాక, లోపలి నీరు ఆవిరియై బయటకు పోవును. దీనినే బాష్పోత్సేకమందురు. ఒక పెద్దచెట్టు ఒక ఎండదినమున వంద లీటర్లకు మించిన నీటిని ఇట్లు విడువగలదు.

మన తాలూకా వర్షచ్ఛాయలోని మెట్టసీమ. ప్రక్కనున్న అనంతపురము ప్రాంతపు సగటు వర్షపాతము సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లు. మన స్థితియు అంతకు మిక్కిలి భిన్నము కాదు. అందులో పెద్ద భాగము సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే కురియును. నవంబరు దాటిన పిదప చెప్పుకోదగిన వాన లేదు. మాఘము వచ్చుసరికి పైనేల తడి ఆరిపోవును, గాలి పొడిబాఱును, మధ్యాహ్నపు ఎండ వేడియెక్కును. శివరాత్రితో చలి "శివ శివా" అనుచు పోవునని పెద్దలందురు గదా. నీటి రాబడి తగ్గి, ఖర్చు పెరుగు సంధికాలమది. కఱవునాడు పెద్దగిన్నె దింపి చిన్నగిన్నె పొయ్యిమీద పెట్టు ఇల్లాలివలె చెట్టు తన వంటయిల్లును కొన్నాళ్ళు మూసివేయును.

మూయుటకు ముందు అది తొందరపడదు. ఆకులోని నత్రజని, భాస్వరము మొదలగు విలువైన పదార్థములను చాలవఱకు కొమ్మలలోనికి వెనుకకు తీసికొనును. పిమ్మట ఆకుకాడ మొదట, కొమ్మను కలియు చోట, ఒక పలుచని పొర ఏర్పడును. ఆ పొరలోని కణములు ఒకదానినొకటి వదలుకొనును. కొమ్మవైపున బెరడువంటి పొర ఏర్పడి గాయమును మూయును. అప్పుడు చిన్న గాలియైనను చాలును. రాలిన ఆకుకాడ చివర చూడుడు. చింపినట్లు ఉండదు, నున్నగా ఉండును. కొమ్మమీదను చిన్న మచ్చ మిగులును.

ఇది చెట్టు చేయు పని యనుటకు మీరు స్వయముగా చూడగల సాక్ష్యమొకటి గలదు. వానకాలమున విఱిగి వ్రేలాడుచున్న కొమ్మను గమనింపుడు. దాని ఆకులు ఎండి గోధుమరంగు తిరుగును గాని, త్వరగా రాలవు. నెలల తరబడి కొమ్మనంటి వ్రేలాడుచుండును. ఏలయనగా ఆ కొమ్మ చచ్చినది. ఆకును వదలుటకు కావలసిన పొరను నిర్మించు ప్రాణము దానిలో లేదు. కావున ఆకు రాల్చుట చావు గుర్తు కాదు; చెట్టు బ్రతికియున్నదనుటకు గుర్తు.

మఱి హడ్సను తీరపు మేపుల్ సంగతి ఏమి? అచ్చట శీతకాలమున పగటిపొద్దు తఱిగిపోవును, ఎండకు బలముండదు, నేలలోని నీరు గడ్డకట్టును. నీరున్నను వేళ్ళకు అందదు. పగలు తఱుగుటయు చలి పెరుగుటయు గమనించి ఆ చెట్లు ముందే ఆకును వదలుకొనును. అక్కడి కష్టము చలి, ఇక్కడి కష్టము ఎండుదనము; చెట్టు చెప్పు సమాధానము రెండుచోట్ల ఒకటియే. మాసములు మాత్రము వేఱు.

మన తాలూకాలో తిరుమణి ప్రాంతమున సుమారు 13,000 ఎకరములలో సౌరవిద్యుత్ కేంద్రమున్నది. 2018లో పని ప్రారంభించి, 2019 చివరకు 2,050 మెగావాట్ల శక్తిని అది అందుకొన్నది. అక్కడి నల్లని పలకలును ఆకువలెనే సూర్యకాంతిని పట్టును. కాని కాంతిని పట్టి విద్యుత్తు నిచ్చుటకు పలకకు నీరు అక్కఱలేదు; ఆకునకు నీరు లేనిదే పని జరుగదు. పలకకు శిశిరము లేకపోవుటకు, ఆకునకు శిశిరముండుటకు కారణము ఈ భేదమే.

వన్నెలు ఎక్కడినుండి వచ్చును?

ఆకు పచ్చదనమునకు కారణము పత్రహరితమను పదార్థము. ఇది ఎండకు చెడుచు, చెట్టుచేత మరల మరల తయారగుచుండును. చెట్టు ఆకునుండి సారమును వెనుకకు తీసికొనునప్పుడు క్రొత్త పత్రహరితము తయారుకాదు, ఉన్నది క్షీణించును. అప్పుడు పసుపు కనబడును. ఆ పసుపు క్రొత్తగా వచ్చినది కాదు. మొదటినుండియు ఆకులోనే ఉండి, పచ్చదనము వెనుక దాగియున్నది. ఈ పసుపు పదార్థములను కెరోటినాయిడ్లందురు. బంతిపువ్వునకు, క్యారెట్టు దుంపకు రంగునిచ్చునవి కూడ ఈ జాతివే.

ఎఱుపు సంగతి వేఱు. మేపుల్ ఆకు రాలుటకు ముందు, ఆకులో మిగిలిన చక్కెరల సాయముతో ఆంథోసయనిన్లను ఎఱుపు పదార్థము క్రొత్తగా తయారగును. మన నేరేడుపండు నాలుకకు అంటించు ఊదారంగు ఈ జాతిదే. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న సంవత్సరములలో మేపుల్ ఎఱుపు మిక్కిలి శోభించును. మనకు శిశిరమున అట్టి చలి లేదు. కావున మన పండుటాకులు ఎక్కువగా పసుపు, గోధుమ వన్నెలలోనే ఆగిపోవును. బడుల ఆవరణలలో పెంచు నాటుబాదము మాత్రము దీనికి భిన్నము. దాని వెడల్పాటి ఆకు రాలుటకు ముందు చక్కని ఎఱుపు తిరుగును. మేపుల్‌ను చూడలేదని విచారించువారు బాదముచెట్టు క్రింద నిలిచి తల యెత్తవచ్చును.

అయితే మన చెట్లలో ఎఱుపు లేదా? ఉన్నది, కాని అది మఱొక వయసున వచ్చును. మామిడి చిగురు, రావి చిగురు రాగివన్నెతో, గులాబివన్నెతో పుట్టి, కొలదిదినములకు పచ్చబడును. లేత ఆకును తీక్ష్ణమైన ఎండనుండియు, కొఱుకు పురుగులనుండియు ఆ ఎఱుపు కాపాడునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. మేపుల్ ఆకునకు ఎఱుపు వార్ధక్యమున వచ్చును. మన రావి ఆకునకు శైశవమున వచ్చును. వారు ఎఱ్ఱని ఆకును చూచి శీతకాలము వచ్చుచున్నదని తెలిసికొందురు. మనము ఎఱ్ఱని ఆకును చూచి ఉగాది వచ్చుచున్నదని తెలిసికొందుము.

రెండు పేర్లు, ఒక చెట్టు

ఆ దినము తిరిగివచ్చునప్పుడు నేను చెట్ల పేర్లు అడిగితిని. కానుగను చూపగా ఒకడు "హొంగె" అనెను, ఒకతె "కానుగ" అనెను. ఎవరిది సరి యని వారిలో వాదము పుట్టెను. రెండును సరియే. తెలుగు వేప కన్నడమున బేవు. రావి అరళి. మోదుగ ముత్తుగ. చింత హుణిసె. మామిడి మావు. కానుగ నీడ చల్లన యని మన అవ్వలందురు. హొంగె నెరళు హాయి యని కన్నడిగులందురు. చెట్టు ఒకటే, నీడ ఒకటే.

వేప శిశిరమున ఆకు రాల్చి, చిగిర్చి, ఉగాదినాటికి పూయును. ఆ పూవు తెలుగు ఇండ్లలో ఉగాది పచ్చడిలో పడును. కన్నడిగుల ఇండ్లలో బేవు బెల్లముగా పళ్ళెములో చేరును. మాఘమున రాలిన ఆకునకును, చైత్రమున మనము నాలుకపై వేసికొను చేదునకును సంబంధమున్నది. ఈ సంబంధమును రెండు భాషలలోను చెప్పగల అదృష్టము మీది.

కాని నాకొక భయము గలదు. ఆ నడకకు వచ్చిన విద్యార్థులలో పలువురు మేపుల్ ఆకు బొమ్మను వెంటనే గుర్తించిరి, మోదుగాకును గుర్తింపలేకపోయిరి. దూరదేశపు చెట్టును ఎఱుగుట తప్పు కాదు. ఇంటిముందు చెట్టు పేరు ఏ భాషలోను తెలియకపోవుట లోపము. భాష పుస్తకములో మాత్రమే నిలువదు. కానుగ అను మాటను కానుగక్రింద నిలిచి పలికినవాడు దానిని మఱువడు.

తల్లిదండ్రులకు మనవి

మాఘ ఫాల్గుణములలో ఒక ఉదయము మీ పిల్లలతో ఏటి గట్టుననో, చెఱువు కట్టననో ఒక గంటసేపు నడువుడు. ఇంట అవ్వతాతలున్నచో వారిని వెంట తీసికొనిపోవుడు. చెట్ల పేర్లు, వాడుకలు వారికి తెలిసినట్లు నాకు తెలియవు. త్రాగునీరు, తలకు గుడ్డ, కాలికి చెప్పులు తప్పనిసరి. తొమ్మిది గంటలకు ముందే తిరిగి రావలెను. ఇసుక త్రవ్విన గుంతలదగ్గఱకు పిల్లలను పోనీయరాదు. ఆకుల కుప్పలో చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో కదిలించి చూడవలెను. పాములు, తేళ్ళు చల్లదనమునకు అందు చేరును. వానకాలమున, ఎగువన వాన కురిసిన దినములలో, ఏటిలోనికి దిగరాదు.

మఱొక మాట. ఊడ్చిన ఆకును కుప్పవేసి కాల్చుట మన ఊళ్ళలో అలవాటు. చెట్టు జాగ్రత్తగా తన సారము వెనుకకు తీసికొన్న పిదపకూడ ఆకులో నేలకు పనికివచ్చునది ఎంతయో మిగిలియుండును. కాల్చినచో పొగయు, కొంచెము బూడిదయు మిగులును. గుంతలో వేసి, పేడనీరు చల్లి, మట్టి కప్పినచో వానకాలమునకు ఎరువగును. చెట్టు పాదునందే పఱచినను నేలలోని తడి ఆరిపోకుండ కాపాడును. కానుగాకును మన రైతులు పూర్వమునుండి మళ్ళలో త్రొక్కి ఎరువుగా వాడుచునే యున్నారు.

ఇక ఆ సున్న సంగతి. నడక జరిగిన మఱునాడు ఆ బాలుని సమాధానపత్రమును తెప్పించి, సున్నను కొట్టివేసి, పూర్తి మార్కులు వేసితిని. తరగతియందఱి ఎదుట కారణము చెప్పితిని. శరత్తు అని వ్రాసినవారి మార్కులు తీసివేయలేదు. వారికి అట్లు నేర్పినది మేమే గదా. పుస్తకము అబద్ధము చెప్పలేదు. అది వేఱొక నేలను గూర్చి చెప్పినది. దానిని మన నేలమీద నిలిచి చదువకపోవుట నా లోపము. మీరు చదువునదెల్ల శ్రద్ధగా చదువుడు. చదివినదానిని కిటికీ తెఱచి ఒకమారు సరిచూచుకొనుడు. రెండును సరిపోనప్పుడు వెఱువక అడుగుడు. మీకు చెప్పుటకు మేమున్నాము. మాకు చూపుటకు మీరున్నారు.

అభ్యాసము

1. మన ప్రాంతమున ఆకులు శిశిరమున రాలుటకును, చలిదేశములలో అక్టోబరున రాలుటకును కారణములు చెప్పుము. రెండింటికిగల పోలిక ఏమి?
2. విఱిగిన కొమ్మ ఆకులు ఎండియు రాలవు. ఏల?
3. పండుటాకు పసుపునకును, మామిడి చిగురు ఎఱుపునకును కారణమైన పదార్థములు ఏవి? వానిలో ముందునుండియు ఆకులో దాగియుండునది ఏది?
4. మీ ఇంటికి దగ్గఱనున్న ఒక చెట్టును పుష్యము చివరనుండి ఉగాది వఱకు వారమున కొకసారి చూచి, ఆకు పండిన దినము, రాలిన దినము, చిగిర్చిన దినము వ్రాసిపెట్టుము.
5. ఐదు చెట్ల పేర్లను తెలుగులోను, కన్నడములోను మీ అవ్వనో తాతనో అడిగి తెలిసికొని, ఒక్కొక్కదానికి ఒక వాడుక చొప్పున వ్రాయుము.